నడిసముద్రంలో మిరపకాయల ఘాటు

దెయ్యాలను నమ్మనని చాలామంది అంటారు. నేను దిష్టిని కూడా నమ్మను. అద్దంకి దగ్గర ఒక హైస్కూల్లో ఇరవై రెండేళ్ళుగా సైన్సు చెబుతున్నాను. గుమ్మానికి కట్టే నిమ్మకాయలు, పిల్లల బుగ్గన పెట్టే కాటుక చుక్కలు, ఇవన్నీ మూఢనమ్మకాలని ప్రతి బ్యాచ్‌కీ చెప్పాను. ఇది రాశాక కూడా అదే చెబుతాను.

కిందటి దసరా సెలవుల్లో మా స్కూలు టీచర్లం నలుగురు ఆడవాళ్ళం అండమాన్ వెళ్ళాం. ఆ సంగతి తెలిసిన ప్రతి ఒక్కరూ "మీరు నలుగురేనా?" అని అడిగారు. అవును, నలుగురమే. మా ఆయన మిరప తోట వదిలి రాలేనన్నారు. నేను రమ్మని బతిమాలనూ లేదు.

అక్కడ నాకున్న కోరిక ఒక్కటే. తల మీద పెద్ద హెల్మెట్ పెట్టి, గొట్టంతో గాలి పంపుతూ, సముద్రం అడుగున నడిపిస్తారట. చేపలు మన భుజాల పక్క నుంచే పోతాయట. నాకు నలభై ఎనిమిదేళ్ళు, ఈత రాదు. అయినా దిగి తీరాలనుకున్నాను.

బయల్దేరే రోజు ఆటో వాకిట్లో ఉండగా మా అత్తగారు గుప్పెట్లో రాళ్ళుప్పు, ఎండుమిరపకాయలు పట్టుకుని వచ్చారు.

"ఒక్క నిమిషం నిలబడవే. ఊళ్ళోవాళ్ళ కళ్ళన్నీ నీ మీదే ఉన్నాయి."

"వద్దత్తయ్యా. పిల్లలకి బళ్ళో ఒకటి చెప్పి ఇంట్లో ఇంకోటి చెయ్యలేను."

"నీ బడి నీది. నా భయం నాది."

"ఆ భయాన్ని కూడా మిరపకాయలతో పాటు పొయ్యిలో వేసెయ్యండి" అని ఆటో ఎక్కేశాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది. ఆవిడ గుప్పెట మూసుకుని లోపలికి వెళ్ళిపోయారు.

మావైపు ఒక నమ్మకం ఉంది. దిష్టి తీసి నిప్పుల్లో వేసిన మిరపకాయలు ఘాటెక్కి అందరికీ దగ్గొస్తే దిష్టి లేనట్టు. ఘాటు రాకుండా కాలిపోతే గట్టి దిష్టి తగిలినట్టు.

మూడో రోజు ఉదయం పోర్ట్ బ్లెయిర్ నుంచి ఒక చిన్న దీవికి తీసుకెళ్ళారు. సముద్రంలోకి దింపే ముందు, అడుగున అద్దం బిగించిన పడవలో తిప్పి పగడాలు చూపిస్తారు. పడవలో మేం నలుగురం, ఒక పంజాబీ కొత్త జంట, నడిపే ఆయన. మొత్తం ఏడుగురం. ఆయన తాతలది శ్రీకాకుళం వైపట, మాతో తెలుగులోనే మాట్లాడాడు. పగడాలు బాగా కనిపించే చోట ఇంజను ఆపాడు. అద్దం కింద నీలంగా, మెదడులా ముడతలు పడిన పగడం ఒకటి కనిపిస్తే ఫోటో తీసుకున్నాను.

ఫోన్ ఇంకా చేతిలోనే ఉంది. గొంతులో సూదులు గుచ్చినట్టయింది. ముందు నేను దగ్గాను, తర్వాత నా పక్కనున్న విజయ టీచర్. తర్వాత అందరం. కళ్ళ వెంట నీళ్ళు. ఆ పంజాబీ అమ్మాయి చున్నీ ముక్కుకి అడ్డం పెట్టుకుని పడవ అంచు మీదికి వంగిపోయింది.

మిరప కళ్ళాల మధ్య పుట్టి పెరిగిన ముక్కు నాది. డీజిలు వాసనకీ, మాడుతున్న ఎండుమిరపకాయ వాసనకీ తేడా నాకు ఒకరు చెప్పక్కర్లేదు.

"ఎవులమ్మా మిరపకాయలు కాలుస్తన్నారు? పడవలో అగ్గి ఎట్టకూడదు!" అని పడవాయన దగ్గుతూనే అరిచాడు.

మా సంచులు తెరిచి చూపించాం. నీళ్ళ సీసాలు, తువ్వాళ్ళు, విజయ తెచ్చిన జంతికలు. అంతే. దగ్గర్లో వేరే పడవ లేదు. గాలి సముద్రం వైపు నుంచి వీస్తోంది. రెండు మూడు నిమిషాలకి ఆ ఘాటు ఉన్నట్టుండి పోయింది.

నా దగ్గు మాత్రం పోలేదు. ఒడ్డుకొచ్చి హెల్మెట్ల దగ్గర నిలబడితే, అక్కడి కోచ్ నా దగ్గు విని దింపనన్నాడు. ఎంత వాదించినా ఒప్పుకోలేదు. "రేపు రండి మేడం" అన్నాడు. కోపంతో ఇసుకలో కూలబడ్డాను.

సాయంత్రం హోటల్ నుంచి ఇంటికి ఫోన్ చేశాను. స్పీకరు పెట్టాను, విజయ పక్కనే ఉంది. పడవ సంగతి నేనింకా నోరెత్తి చెప్పలేదు.

"అమ్మాయ్, ఒంట్లో బాగుందా? ముందు అది చెప్పు" అన్నారు అత్తగారు.

"బాగానే ఉన్నానత్తయ్యా, ఏమైంది?"

"పదిన్నర సీరియల్ మొదలైందో లేదో కరెంటు పోయింది. మనసు ఊరుకోక, దండెం మీదున్న నీ చీరకి దిష్టి తీసి నీళ్ళ పొయ్యిలో వేశాను. ఒక్క తుమ్ము రాలేదే! ఏడు మిరపకాయలు వేస్తే ఒక్క తుమ్మూ లేదు!"

ఫోన్ మా ఆయనకివ్వమన్నాను. "నేను పక్కనే ఉన్నా. ఎండుటాకులు కాలినట్టు కాలిపోయాయి, ఘాటన్నది లేదు" అన్నారు.

పగడం ఫోటో తీసిన టైము చూశాను. పది ముప్పై ఆరు.

విజయ నా చెయ్యి పట్టుకుంది. "రేపు దిగొద్దు శారదా. నా మాట విను."

మర్నాడు దిగాను. నా చుట్టూ పసుపు, నలుపు చారల చేపలు. నేను చెయ్యి చాపితే వేళ్ళ సందుల్లోంచి పోయాయి. నాకేమీ కాలేదు. పైకొచ్చి తడి బట్టలతోనే అత్తగారికి ఫోన్ చేసి "దిగాను" అని చెప్పాను. ఆవిడ మెల్లగా "లోపల ఎట్లా ఉందే?" అని అడిగారు. పావుగంట చెప్పాను. ఆటో ఎక్కేటప్పుడు అన్న మాటకి క్షమించమని కూడా అడిగాను.

ఇంటికి రాగానే చేసిన మొదటి పని, అత్తగారు ఆ రోజు తీసిన డబ్బాలోంచే ఏడు మిరపకాయలు తీసి అదే పొయ్యిలో వేయడం. మా ఆయన దగ్గుతూ వీధిలోకి పరుగెత్తారు. పక్కింటావిడ గోడ మీంచి తిట్టింది. అత్తగారు మాత్రం కళ్ళు తుడుచుకుంటూ నవ్వారు.

"చూశావా, నీకిప్పుడు దిష్టి లేదు."

"అప్పుడూ లేదత్తయ్యా."

నిప్పులు సరిగ్గా రాజుకోలేదేమో, కనిపించనంత దూరంలో ఏ ఓడలోనో వంట చేస్తున్నారేమో అని ఆలోచించాను. విడివిడిగా రెండింటికీ ఏదో ఒకటి చెప్పుకోవచ్చు. ఒకే సమయానికి రెండూ ఎలా జరిగాయో చెప్పలేను. ఇది విన్నవాళ్ళు, ఆ రోజు నిన్ను దిగనివ్వకుండా మీ అత్తగారే కాపాడారు అంటారు. దేన్నుంచి? మర్నాడు అదే నీళ్ళలో దిగానుగా!

పడవలో ఏడుగురం దగ్గాం. ఎందుకో నాకు తెలియదు. తెలియదని ఎక్కడ సంతకం పెట్టమన్నా పెడతాను. నమ్ముతున్నానని మాత్రం పెట్టను.