నాన్న అరికాలు, జాన్‌బీ మేడం దూదిపోచ

మీ నాన్నగారి అరికాలును మీరు చివరిసారి ఎప్పుడు చూశారు? దణ్ణం పెట్టడానికి వంగినప్పుడు పాదం పైభాగం చూసి ఉంటారు. అది లెక్కలోకి రాదు. నేను అడిగేది నేలకు ఆనే వైపు గురించి. గుంటూరు యార్డుకు కొత్త మిరపకాయలు వచ్చే రోజుల్లో, బస్సు ఆ దారిలోకి మళ్ళగానే కిటికీల్లోంచి ఘాటు కొడుతుంది. డ్రైవరు మొదలు చంటిపిల్ల దాకా బస్సంతా తుమ్ముతుంది. ఆ ఘాటు తగలగానే నా చెయ్యి దానంతటదే చొక్కా జేబులోకి పోతుంది. అందులో చిన్న దూది ఉండ ఉంటుంది. దాన్ని అక్కడ పెట్టుకోవడం నేర్పినావిడ జాన్‌బీ మేడం.

తొంభైల చివర, గుంటూరులో నేను ఇంటర్మీడియట్ చదివిన కాలేజీలో ఆవిడ జీవశాస్త్రం చెప్పేవారు. పొట్టి మనిషి. గొంతు మాత్రం వరండా చివరిదాకా వినిపించేది. ఒకరోజు రెండు ఫ్లాస్కులు తెచ్చి బల్ల మీద పెట్టారు. ఒకదాంట్లో మొలకెత్తుతున్న పెసలు, రెండోదాంట్లో ఉడికించి చల్లార్చిన పెసలు. మూతులకు దూది బిగించి, అందులోంచి థర్మామీటర్లు దింపారు. మర్నాడు చూస్తే మొలకల ఫ్లాస్కు వెచ్చగా ఉంది, రెండోది చల్లగానే ఉంది. "లోపల పొయ్యి ఎవరు వెలిగించార్రా?" అని అడిగారు. వెనక బెంచీ సుబ్బారావు లేచి, "మీరే ఎండలో పెట్టుంటారు మేడం" అన్నాడు. "రెండూ ఒకే బల్ల మీదున్నాయి కదరా, ఎండ నీలాగా మనుషుల్ని చూసి పని చేస్తుందా?" అన్నారు. క్లాసంతా గొల్లుమంది. నవ్వు సద్దుమణిగాక చెప్పారు: ప్రాణమున్న ప్రతి కణమూ తిండిని మంట కనపడకుండా మండిస్తుంది, ఆ వేడీ ఆ శక్తే బతుకు. "పొయ్యి ఉన్న వంటిల్లు మసి బారకుండా ఉంటుందా? కణం కూడా తన మసి తనే తుడుచుకుంటుంది. వయసు పైబడేకొద్దీ తుడవడం వెనకబడుతుంది. ముసలితనంలో కొంత అదే." "మొత్తం అదేనా మేడం?" అని నేనడిగాను. "మొత్తం నాకు తెలీదు. తెలుసన్నవాడు కనపడితే నాకూ చూపించు" అన్నారు. తెలియదని అంత దర్జాగా చెప్పిన మనిషిని అంతకుముందు నేను చూడలేదు.

అప్పట్లో నేను మాట వినిపిస్తే వాదనకు దిగే రకం. మా ఊరు నల్లపాడు దాటాక వస్తుంది. నాన్న కోటయ్య అక్కడ మిరప, పత్తి పండించేవాడు. ఎండబెట్టిన మిరపకాయల్ని తిరగదోసేటప్పుడు చెప్పులు వేసుకుంటే కాయ చిట్లుతుందని, మా కళ్లాల్లో వట్టికాళ్ళతోనే తిరిగేవాళ్ళు. మిట్టమధ్యాహ్నం నేల పెనంలా కాలుతుంటే అందరూ గెంతుకుంటూ నీడకు పరిగెత్తేవాళ్ళు. ఆ ఏడు నాన్న ఒక్కడే నింపాదిగా తిరుగుతున్నాడు. "కోటయ్యకు సామి పూనాడ్రా" అని ఊళ్ళో పుట్టించారు. శివరాత్రికి నిప్పుల గుండంలో మొదటి అడుగు ఆయనే వెయ్యాలని పెద్దలు తీర్మానించారు. నాన్న మీసం దువ్వుకున్నాడు. నాకు ఒళ్ళు మండింది. "సామీ లేదు, గీమీ లేదు. నలభై ఏళ్ళు చెప్పుల్లేకుండా తిరిగావు, తోలు మందమైంది, అంతే" అన్నాను. "ఒరేయ్, నీ చదువు నా కాలిని చెప్పు చేసిందిరా!" అని నాన్న పడీపడీ నవ్వాడు. అదే ముక్కతో కాలేజీ వక్తృత్వ పోటీలో మూఢనమ్మకాల మీద దుమ్ము లేపి, బహుమతి పుచ్చుకుని, గర్వంగా మేడం దగ్గరికి వెళ్ళాను.

ఆవిడ మెచ్చుకోలేదు. "మీ నాన్న ఒంట్లో ఇంకేం మారింది?" అని అడిగారు. "ఏం లేదు మేడం, కాస్త చిక్కాడు. దాహం ఎక్కువైంది. మాటిమాటికీ చెట్టుచాటుకు పోతున్నాడు." ఆవిడ చేతిలో సుద్దముక్క ఆగిపోయింది. "ఆదివారం మీ కళ్లానికి వస్తున్నా. ఏడాది కారానికి కాయలు కావాలి" అన్నారు. మేడం వాళ్ళమ్మ కాలు మోకాలి దాకా తీసేశారని, అదీ ఇలాగే మొదలైందని నాకు అప్పటికి తెలియదు.

ఆదివారం వచ్చారు. కాయలు చూసి, బేరం చేసి, చివర్లో "కోటయ్యన్నా, కాసేపు కూచో. నీ సామిని నాకూ చూపించు" అన్నారు. నాన్న మురిసిపోయి బస్తా మీద కూర్చుని కాళ్ళు చాపాడు. చుట్టూ కూలీలు మూగారు. పక్కనున్న పత్తి కుప్పలోంచి మేడం ఒక పోచ లాగి, కొన సన్నగా పురి పెట్టారు. "కళ్ళు మూసుకో. ఇది తగిలినప్పుడల్లా 'ఊఁ' అను." నాన్న కళ్ళు మూసుకున్నాడు. ఆవిడ బొటనవేలి కింద తాకించారు. మడమ మీద తాకించారు. వేళ్ళ మధ్య తాకించారు. కూలీలు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. నాన్న ఓపిక పట్టలేక, "ఇంక కానియ్యమ్మా టీచరమ్మా, ఎంతసేపు?" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. అప్పుడాయన కళ్ళు తెరిచి, తన వేళ్ళ మధ్య ఆనివున్న దూదిని చూశాడు. మేడం పాదాన్ని ఒళ్ళోకి తీసుకుని చిటికెన వేలు విడదీశారు. లోపల తుమ్మముల్లు విరిగి ఉంది. చుట్టూ నల్లబడింది. "ఎప్పుడు దిగింది అన్నా ఇది?" నాన్న వంగి ఆ ముల్లును అప్పుడే మొదటిసారి చూశాడు.

అప్పుడే గుంటూరు ఆసుపత్రికి తీసుకుపోయాం. రక్తంలో చక్కెర విపరీతంగా ఉందన్నారు. వరండా బెంచీ మీద కూర్చుని మేడం నాకు చెప్పారు: "ఆకలితో ఉన్న ఇంటి వాకిట్లో ధాన్యం బస్తాలు పడున్నాయనుకో, తలుపు సరిగ్గా తెరుచుకోవడం లేదు. మీ నాన్న కణాల సంగతి అది. లోపలికి పోలేని చక్కెర ఊరుకోదు, దొరికిన ప్రతి దానికీ పాకంలా అంటుకుంటుంది. సన్నటి రక్తనాళాలు, నరాలు పాడవుతాయి. ముల్లు దిగిన కబురు మోసేవాడు ఉండడు." నేను తల దించుకున్నాను. ఆవిడ వదల్లేదు. "దేవుణ్ణి కుర్చీలోంచి దించావు, బాగుంది. ఆ కుర్చీలో నీ ఊహను కూచోబెట్టావు. వాళ్ళూ కాలు చూడలేదు, నువ్వూ చూడలేదు. ఇక తేడా ఏముందిరా?" అన్నేళ్ళ వాదనల్లో నేను ఓడిపోయింది ఆ ఒక్కసారే. నన్ను మనిషిని చేసిందీ అదే.

చిటికెన వేలు పోయింది. కాలు దక్కింది. గుండం రోజున పెద్దలు పిలవడానికి వస్తే, నాన్న కట్టుకట్టిన కాలు మంచం మీంచి చూపించాడు. "నా కాలు కాలటం లేదంటే అది చస్తోందని అర్థమంట. మీలో ఇంకెవరికన్నా కాలకపోతే చెప్పండి, నాతోపాటు ఆసుపత్రికి వద్దురుగాని" అన్నాడు. ఇద్దరు నిజంగానే వచ్చారు. మరుసటేడు ఆయన గుడ్డ బూట్లు వేసుకుని కళ్లంలోకి దిగితే, "ఏం కోటయ్యా, కలెక్టరు ఉద్యోగమొచ్చిందా?" అని ఏడిపించారు. "కాయ చిట్లితే క్వింటాలుకు ఇంత పోద్ది, కాలు చిట్లితే ఏం పోద్దో నన్నడుగు" అన్నాడు నాన్న. ఆ తర్వాత ఎన్నో ఏళ్ళు రెండు కాళ్ళ మీదే తిరిగాడు.

చాలా ఏళ్ళకు, రిటైరై ఒంగోలులో ఉంటున్న మేడంను చూడబోయాను. అప్పటికి నేను వ్యాసాలు రాస్తున్నాను, సభల్లో మాట్లాడుతున్నాను. అవన్నీ చెప్పుకుందామనుకుంటే, ఆవిడ కుర్చీలో వెనక్కి వాలి పాదం ముందుకు చాపారు. "కబుర్లు తర్వాత. నాకూ చక్కెర వచ్చింది. దూది తెచ్చావా?" తెచ్చాను. కళ్ళు మూసుకున్నారు. బొటనవేలి కింద తాకించాను. "ఊఁ" అన్నారు. మడమ మీద తాకించాను. "ఊఁ. ఇంతకంటే మెల్లగా తాకించాలిరా, ఇది గేదె ఒళ్ళు కాదు." ఆ తిట్టు విని నాకు కలిగిన సంతోషం, ఏ సభ చప్పట్లకూ కలగలేదు.

ఆవిడ నాకిచ్చింది సిద్ధాంతం కాదు, వంగి చూసే అలవాటు. కణంలోని పొయ్యి ఎలా మండుతుందో, వయసు ఎందుకొస్తుందో పూర్తిగా తేలేదాకా మీ నాన్న పాదం ఆగదు. ఈ పుస్తకం పక్కన పెట్టండి. లేవండి. ఇంట్లో పెద్దవాళ్ళను కూర్చోబెట్టి, పాదం ఒళ్ళోకి తీసుకుని, వేళ్ళు విడదీసి చూడండి. దూదిపోచ తాకించండి. "ఊఁ" వినపడకపోతే, నాతో వాదించకండి. చెప్పులు తొడిగి ఆసుపత్రికి తీసుకుపొండి.