కిరసనాయిలు ఒలికిన ఉప్పు

నా కోపానికి మా ఇంట్లో పెట్టని పేరు లేదు. అత్తగారు నన్ను కుంపటి అనేది. మా ఆయన నవ్వుతూ పోలీసు అనేవాడు. మన్నెం పితూరీ సద్దుమణిగిన మరుసటి ఏడు డుంబ్రిగుడ సంతకు కోసెడు దూరంలో, ఒక కొండ ఊళ్లో మేం కొట్టు పెట్టాం. అప్పటికి నాకు ఇరవై రెండేళ్లు. మావాళ్లంతా శృంగవరపుకోట వైపు పల్లం మనుషులు. మన్నెం నీళ్లు తాగినవాళ్లు తిరిగి రారని ఏడ్చి మరీ సాగనంపారు. ఆ నీళ్లు నన్నేమీ చెయ్యలేదు. మా ఆయన్ని మాత్రం ఆషాఢం రాకుండానే చలిజ్వరం పట్టుకుంది. పూటకో కషాయం పోసినా తగ్గేది కాదు. కొట్టు నా మీద పడింది.

కొట్టంటే పెద్దదేమీ కాదు. గడ్డి కప్పిన ఒక గది, ముందు అరుగు, వెనక మేం పడుకునే చోటు. ఎండుచేపలు, పొగాకు, పూసలు, కిరసనాయిలు అమ్మేవాళ్లం. అన్నిటికంటే ముఖ్యం ఉప్పు. వానలు పట్టాక ఘాటీ కొండదారి ఎద్దులు ఎక్కలేవు. ఎండలు ఉండగా ఎక్కించుకున్న ఉప్పే దసరా దాకా ఆ చుట్టుపక్కల అందరికీ. అందుకని రెండు పెద్ద గంపలు పేడతో అలికి, వాటి నిండా ఉప్పు పోసి, చెమ్మ తగలకుండా పొయ్యికి దగ్గరగా పెట్టుకున్నాం. సరిగ్గా ఒక గంప పైనున్న బల్ల మీద కిరసనాయిలు డబ్బా పెట్టిన తెలివి మాత్రం పూర్తిగా నాదే.

ఒకరోజు పిల్లి ఎండుచేపను నోట కరుచుకుని నా కళ్లముందే నడిచిపోతోంది. నాకు ఒళ్లు మండి చేతిలోని ఉప్పు కొలిచే సోల విసిరాను. పిల్లికి తగల్లేదు. అది బెదిరి బల్ల మీదికి ఎగిరింది. మూత తీసి ఉన్న డబ్బా కాస్తా బోర్లా గంపలో పడింది.

"ఏటే ఆ సప్పుడు?" అన్నాడు మా ఆయన లోపలినుంచి.

"ఏటీ లేదు. నువ్వు తొంగో," అన్నాను.

ఏటీ లేదా! గంపెడు ఉప్పు నాశనమైపోయింది. మర్నాడు కొంత తీసి చాప మీద పరిచి పొయ్యి పక్కకు జరుపుతుంటే, జ్వరంలో ఉన్న మనిషి లేచి కూర్చుని "కొట్టు కాల్చేత్తావేటే!" అని అరిచాడు. అప్పుడు గాని నేనేం చేస్తున్నానో నాకు తెలియలేదు. రోజూ పొద్దున్నే ఒక రాయి ఉప్పు నాలిక మీద వేసుకుని చూసేదాన్ని. వాసన పోలేదు. ఊళ్లో ఎవరికీ చెప్పలేదు. చెబితే రెండో గంపలో ఉప్పును కూడా అనుమానిస్తారని నా భయం.

అలా వారం గడిచాక తోళ్ల బేరగాడు ఒకడు వచ్చాడు. పల్లం మనిషే. నోట్లో చుట్ట, మాటలో తేనె. పొగాకు కొనుక్కుంటూ గంప వైపు ముక్కు ఎగబీల్చాడు.

"ఆ ఉప్పు కూట్లోకి పనికిరాదమ్మా. నా తోళ్లు కుళ్లకుండా రాయడానికి సాలు. ఇచ్చెయ్యరాదా?"

"తోళ్లకే కదా?"

"మరి దేనికమ్మా? నానూ మనిషినే కదా!"

బదులుగా ఒక కొత్త కంబళి ఇచ్చాడు. చలికి పళ్లు కొట్టుకుంటున్న మొగుడు ఇంట్లో ఉన్నదానికి అంతకంటే ఏం కావాలి? దేవుడే పంపాడనుకున్నాను. గంప బోర్లించి దులిపి మరీ ఇచ్చాను.

డుంబ్రిగుడ సంత జరిగిన మూడోనాడు, పొద్దున్నే, సన్నగా వాన పడుతోంది. పదిమందికి పైగా మా అరుగు ముందు నిలబడ్డారు. ఒక్కొక్కరే వచ్చి ఒక్కో ఆకు పొట్లం అరుగు మీద పెట్టి వెనక్కి జరిగారు. ఒక్కరూ నోరు మెదపలేదు. మా పల్లంలో అయితే ఈపాటికి నా జుట్టు పట్టుకునేవారు.  తడిసిన ఆకుల్లోంచి కిరసనాయిలు కంపు వస్తోంది.

"నేనేం చెయ్యలేదు!" అని అరిచాను. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడం అంటారే, అదే చేశాను.

ఊరిపెద్ద నెమ్మదైన మనిషి. ఆయనే మాట్లాడాడు.

"ఆ తోళ్లోడు సంతలో ఉప్పు అమ్మినాడు. పచ్చి తోళ్ల పక్కన పెట్టి అమ్మితే ఆ కంపులో మాకు తెల్లేదు. కూట్లో ఏసుకుంటే తెలిసినాది. పిల్లలకి వాంతులు."

"అయ్యో, ఎలా ఉన్నారు?"

"లేసి తిరగతన్నారు. అది కాదు. ఉప్పు నీ కొట్టుదే అన్నాడు. నువ్వే అమ్మమని పంపినావన్నాడు. నిన్న ఎతికితే ఆడు పాడేరు దారి పట్టి ఎల్లిపోనాడు. సావుకారమ్మా, నువ్వు పంపినదయితే ఈ ఊళ్లో నీకు సోటు లేదు. రేపు దిగిపోవాల."

రేపు. మా ఆయన నాలుగడుగులు వేసి పెరట్లోకి కూడా పోలేడు. ఘాటీ దిగడానికి రెండు రోజులు పడుతుంది, ఆ వానలో, పొంగే గెడ్డలు దాటుకుంటూ. ప్రాణంతో కిందికి చేరడు. నాకు అదొక్కటే కనిపించింది. కొట్టూ వద్దు, ఉప్పూ వద్దు, ఆయన్ని ఈ కప్పు కింద ఉండనిస్తే చాలు.

ఏడుస్తూనే అరుస్తూ జరిగింది చెప్పాను. పిల్లి సంగతి, సోల సంగతి, కంబళి సంగతి అన్నీ చెప్పాను. "ఉప్పు నాదే. ఒలకబోసింది నేనే. తోళ్లకంటే ఇచ్చాను గాని తినమని ఇవ్వలేదు," అన్నాను. ఎవరి మొహంలోనూ మార్పు లేదు. ఎందుకు ఉంటుంది? వాడు చెప్పిన దాంట్లో సగం నిజమే. మిగతా సగం అబద్ధమని చెప్పడానికి నాకు సాక్షి పిల్లి ఒక్కటే.

అప్పుడు ఊరిపెద్ద తల్లి ముందుకొచ్చింది. ఆ ఊళ్లో నేను ఎక్కువ తగవులాడింది ఆవిడతోనే. ప్రతి ఎండుచేపనూ తిరగేసి నలిపి చూసి, ఏదీ కొనకుండా, చివరికి సోలెడు ఉప్పు అడిగేది. "నీ బేరం తగలెయ్య" అని ఎన్నిసార్లు అన్నానో. ఇక నా పని అయిపోయిందనుకున్నాను.

ఆవిడ ఇంకా ఎవరూ ముట్టని ఒక పొట్లం విప్పింది. "నీ సోల తే," అంది. తెచ్చాను. పొట్లంలో ఉప్పు సోలలోకి పోసింది. అంచు దాకా కూడా రాలేదు. అందరికీ చూపించి వాళ్ల భాషలో ఏదో చెప్పింది. తర్వాత నాకూ తెలిసేలా తెలుగులో చెప్పింది.

"ఆడు సోలెడని అమ్మినాడు. ఇది ఈమె సెయ్యి కాదు. ఈమె తిడతాది. తిట్టి, సోల మీద పిడికెడు ఏత్తాది. నన్ను ఎన్నిమాట్లు తిట్టినాదో అన్నిమాట్లు ఏసినాది. ఈమె పంపిన మనిషయితే, ఆడికి కొసరు ఎయ్యమని సెప్పే పంపును."

నిజం చెప్పొద్దూ, నేను కొసరు వేస్తానని నాకే సరిగ్గా తెలియదు. మా అమ్మ అలాగే కొలిచేది, చూసి నా చేతికి అలవాటైంది. నీ కొసరుకే సగం కొట్టు పోతోందని మా ఆయన సణిగేవాడు. నేను దానికీ తిట్టేదాన్ని.

జనంలో ఒకరిద్దరు తల ఊపారు. ఒకామె నవ్వింది కూడా, తనకూ నా తిట్లు గుర్తొచ్చాయేమో. ఊరిపెద్ద తన తల్లి మొహం చూశాడు, తర్వాత నా మొహం చూశాడు. "ఊళ్లోనే ఉండండి," అన్నాడు. ఆ ఒక్క మాటతో నాకు ప్రాణం లేచొచ్చింది. అరుగు మీద ఆ పొట్లాల మధ్యే కూర్చున్నాను.

ముసలావిడ మాత్రం వదల్లేదు. "నీది తప్పు లేదనుకోకు. ఒలికిన దినమే మాకు సెప్పుంటే ఆడి ఉప్పు మేం ముట్టుకుందుమా?"

"ముట్టుకోరు. చెప్పాల్సింది," అన్నాను. అరవకుండా తప్పు ఒప్పుకోవడం నాకు అదే మొదటిసారి.

తప్పు కట్టమన్నారు. తప్పంటే అక్కడ ఊరు వేసే దండుగ. మామూలుగా అయితే మేకను అడుగుతారు. నన్ను పొట్లానికి పొట్లం మంచి ఉప్పు ఇమ్మన్నారు. సంతోషంగా ఒప్పుకున్నాను. రెండో గంప అప్పటికే చాలావరకు అమ్ముడైపోయింది. అడుగున ఉన్నది తీసి కొలవడం మొదలుపెట్టాను. ఇప్పుడు అందరూ నా చేతినే చూస్తున్నారని సిగ్గేసింది. అయినా కొసరు తప్పలేదు. ఆఖరున ముసలావిడ ఆకు పట్టింది. ఆవిడకు కొలిచేసరికి గంప అడుగున పేడ అలుకు కనిపించింది. ఇక దసరా దాకా మా ఇంటికి ఉప్పు లేనట్టే. ఉండనిచ్చారు, అదే చాలనుకున్నాను.

ఆవిడ వంగి గంపలోకి చూసింది. తన ఆకులోని ఉప్పులో సగం మళ్లీ నా సోలలో పోసింది.

"జొరం మడిసికి గంజిలో ఏటేత్తావు? నీ తిట్లా?"

అందరూ గొల్లున నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వుతూనే కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. వాళ్లు వానలో ఒకరి వెనక ఒకరు వెళ్లిపోయారు. ఆ బేరగాడు మళ్లీ ఆ కొండ ఎక్కలేదు.

సోల పట్టుకుని లోపలికి వెళ్లాను. మా ఆయన మంచం అంచున కూర్చుని ఉన్నాడు. చొక్కా తొడుక్కుని, తలపాగా చుట్టుకుని, చేతికర్ర పట్టుకుని ఉన్నాడు. ఒళ్లంతా వణుకుతోంది. బయట ఊరిపెద్ద అన్న మొదటి మాటలు వినబడ్డాయట, ఆ తర్వాత చెవుల్లో హోరేనట.

"రేపటిదాకా దేనికి? ఇప్పుడే బయల్దేరదాం. నాను నడవగల్ను," అన్నాడు. "నిన్ను ఇంకో మాట అననివ్వను."

 చేతికర్ర తీసి గోడకు ఆనించాను. తలపాగా విప్పాను. చెమటతో తడిసి ఉంది.

"ఎక్కడికీ వెళ్లక్కర్లేదు. ఉండమన్నారు. తొంగో," అన్నాను.

నా మొహం చూశాడు. నిజమని నమ్మాక కళ్లు మూసుకుని వెనక్కి వాలాడు. నేను గంజి కాచి, దసరా దాకా లెక్క వేసుకుని నాలుగంటే నాలుగు రాళ్లు ఉప్పు వేశాను.

ఒక గుక్క తాగి, "సప్పగా ఉందే," అన్నాడు.

ఇంకో నాలుగు రాళ్లు వేశాను.