లైట్ల మీద పూసిన రంగు

మా అక్క మొగుడు, అంటే మా బావ, పాత కార్లకు రంగులు వేస్తాడు. ఆయనకున్నంత అనుమానం ఇంకెవరికీ ఉండదు. అక్క ఇచ్చిన టీ అయినా సరే వాసన చూడనిదే తాగడు. పెళ్లిచూపుల్లో అక్కకంటే నన్నే ఎక్కువసేపు ఎగాదిగా చూశాడు. ఇన్నేళ్లుగా ఒకే షెడ్డులో పక్కపక్కన పనిచేస్తున్నా ఆ చూపు మారలేదు. నాకు ఒళ్లు మండిపోతుంది. కానీ పనిలో మాత్రం ఆ అనుమానమే మాకు అన్నం పెడుతోంది, అది కాదనలేను.

ఒకరోజు ఒకావిడ మీగడరంగు పాత కారు ఒకటి తోలించుకుని వచ్చింది. భర్త పోయి ఏడాది కూడా కాలేదట. కారు ముందు ఇండికేటర్ల గ్లాసులు, పేరుకే గ్లాసులు గానీ నిజానికి నారింజరంగు ప్లాస్టిక్, రెండిటి మీదా కారు రంగే దట్టంగా పూసి ఉంది.

"ఇది తీసేయాలి. గ్లాసులు మాత్రం పాడవకూడదు. ఇలాంటివి ఇప్పుడెక్కడా దొరకవు," అంది.

"లైట్ల మీద రంగెవరు పూశారమ్మా?" అన్నాడు బావ.

"మావారు."

"ఎందుకూ?"

"అదే తెలియాలి. బండికి ఎప్పుడూ ఆయనే రంగు వేసుకునేవారు. ఆఖరిసారి ఇలా లైట్ల మీద కూడా పూసేసి, అప్పట్నుంచి తోలడమే మానేశారు. నా మొహం చూసి మాట్లాడటమూ మానేశారు. ఎవరినైనా గుద్ది, పగిలింది కనబడకుండా చేశారేమోనని నా భయం. కింద పగులుంటే దాచకుండా చెప్పండి."

బావ నన్ను పక్కకు లాగాడు. "ఒరేయ్, ఇది కచ్చితంగా యాక్సిడెంట్ బండి. మన మెడకి చుట్టుకుంటుంది."

"నీకు దోమ కుట్టినా దాన్ని ఎవరో పంపినట్టే ఉంటుంది బావా. పని మొదలెట్టు."

గ్లాసులు విప్పాం. నేను థిన్నర్ అందుకోబోతే చేతిమీద ఒక్కటేశాడు. "ప్లాస్టిక్‌కి థిన్నరేంట్రా? పాలిపోయి బీటలిస్తుంది." బ్రేక్ ఆయిల్ తెచ్చి, ముందు ఒక గ్లాసు లోపలి అంచుకు ఒక్క చుక్క రాసి, కాసేపాగి గోటితో నొక్కి చూశాడు. ప్లాస్టిక్ మెత్తబడలేదు. అప్పుడు రంగంతా తడిసేలా పూసి పాలిథిన్ కవరులో చుట్టాడు. ఆ ఆయిల్ చుక్క పడితే కారు రంగూ ఊడిపోతుందని, బండికి దూరంగా బల్ల మీద పెట్టాడు. ఆవిడ కుర్చీ ఆ బల్ల దగ్గరకే జరుపుకుని కళ్లలో వత్తులేసుకుని కూర్చుంది. మేం గ్లాసు మార్చేస్తామని ఆవిడ అనుమానం. ఆవిడ ఇంకా ఏదో దాస్తోందని బావ అనుమానం. మధ్యలో నాకు ఊపిరాడలేదు.

మధ్యాహ్నానికి రంగు ముడతలు పడింది. బావ పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, సబ్బునీళ్లతో కడిగి, గ్లాసును ఎండకు ఎత్తి చూశాడు. చిన్న గీత కూడా లేదు.

ఆవిడ ఊపిరి పీల్చుకుంది. బావ పీల్చుకోలేదు. "అయితే రెండోదానికి ఉంటుంది పగులు," అంటూ ఇంకా రంగు తీయని గ్లాసు మీద టార్చి అడ్డంగా పట్టాడు. దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. తర్వాత నన్ను పిలిచి చూపించాడు. ఎండిన రంగులో, అంచు పొడవునా, వేలిముద్రలు ఒకదాని పక్కన ఒకటి ఉన్నాయి. లేచి వెళ్లి బండి చూశాడు. లైటు చుట్టూ ఉండే రబ్బరు మీద, స్క్రూల మీద, అన్నిటి మీదా రంగే.

"దాచేవాళ్లు ఇలా పూయరమ్మా," అన్నాడు. "రేకు ఎక్కడిదాకా ఉందో, లైటు ఎక్కడ మొదలైందో తెలియక వేళ్లతో తడుముకుంటూ పూశారు. ఆయనకి చూపు బాగానే ఉండేదా?"

ఆవిడ ఆ గ్లాసు కోసం చెయ్యి చాపింది. "నేను అనుకున్నది తప్పు," అన్నాడు బావ. ఆ మాట ఆయన నోట నేను వినడం అదే మొదలు. నాకు ఎగతాళి చేయబుద్ధి కాలేదు.

ఆవిడ ఆ గ్లాసు ఒళ్లో పెట్టుకుని, ముద్రల్లో తన వేళ్లు ఆనించి చూసుకుంది.

"నడుందాకా ఉన్న జుట్టు మెడదాకా కత్తిరించుకుని ఎదురుగా నిలబడ్డానండీ. ఎలా ఉన్నానంటే, ఎప్పట్లాగే ఉన్నావన్నారు. మీ మనసులో ఇంకెవరో ఉన్నారు, అందుకే నేను కనబడటం లేదన్నాను. పోయేదాకా దెప్పుతూనే ఉన్నాను. చివరికి విసిగిపోయి, సరే, అలాగే అనుకో అన్నారు."