కచ్చా కుట్టులో మిగిలిన మాస్టారు

మా తమ్ముణ్ణి బజారంతా కోటు మాస్టారు అంటుంది. వాడు భుజం కూర్చిన కోటు తొడుక్కుంటే ఎంత గూనివాడైనా దొరబాబులా కనిపించేవాడు. తమ్ముడని చెప్పడం లేదు. తమ్ముడని చెప్పాల్సి వస్తే వాడి నోటి గురించి చెబుతాను. "లోపం బట్టలో లేదండీ, మీ పొట్టలో ఉంది" అని వచ్చినవాళ్ల మొహం మీదే అనేవాడు. భార్య పోయాక నా దగ్గరే ఉంటున్నాడు. వాడి దుకాణంలో నేను గుండీలు కుట్టేదాన్ని, అవి వంకరగా ఉన్నాయని వాడు తిట్టేవాడు. రోజులు బాగానే గడిచాయి.

తర్వాత చేతులకు వణుకు పట్టుకుంది. తల కూడా ఊగేది. మొదట సూదిలో దారం ఎక్కించమని నాకిచ్చాడు. ఆ తర్వాత ఒక పెళ్ళికొడుకు కోటు గుడ్డను అడ్డంగా కోసేసి కత్తెర పక్కన పడేశాడు. మందులు మింగాడు, లాభం లేకపోయింది.

పెద్దాసుపత్రి డాక్టరమ్మ కొత్త యంత్రం ఉందంది. మెదడులోకి సన్నని తీగలు దించుతారట. ఛాతీ మీద చర్మం కింద అగ్గిపెట్టెంత బ్యాటరీ అమరుస్తారట.

"ఇది ట్రయల్ మాస్టారూ, అర్థమైందా?" అని అడిగింది.

"భలే అడిగారమ్మా! నా బతుకంతా ట్రయల్సే కదా!" అన్నాడు వాడు. ఇద్దరూ నవ్వుకున్నారు. వాడు సంతకం చేశాడు.

మా దుకాణంలో ట్రయల్ అంటే కచ్చా కుట్టు వేసి మనిషికి తొడిగి చూడటం. ఎక్కడ బిగుతుందో, ఎక్కడ వదులుందో చూసి సరిచేసి, పక్కా కుట్టు వేసి ఇస్తాం. ట్రయల్ అయింది, ఇక పొమ్మనే దర్జీని నేనైతే చూడలేదు. డాక్టరమ్మ మాటకు వేరే అర్థం ఉందని మాకెలా తెలుస్తుంది?

యంత్రం ఆన్ చెయ్యగానే చేతులు నిలిచాయి. వాడు మళ్ళీ కోట్లు కుట్టాడు, మళ్ళీ నన్ను తిట్టాడు. ఆ తిట్లు విని వంటింట్లోకి పోయి ఏడ్చాను, సంతోషానికే.

కొన్నాళ్ళకు బ్యాటరీ అయిపోవస్తోందని ఆసుపత్రికి వెళితే, ఆ యంత్రం చేసిన కంపెనీ మూతపడిందన్నారు. ఆ తీగలకు ఇంకో కంపెనీ బ్యాటరీ అతకదట. ఇలాంటి ప్రయోగాల మంచిచెడ్డలు చూసే కమిటీ ఒకటుందంటే అక్కడికీ వెళ్ళాం. పొడుగాటి బల్ల వెనక కూర్చున్న పెద్దాయన, "ట్రయల్ నిబంధనల ప్రకారమే ముగిసిందండీ. ఆ తర్వాత సంగతి ఒప్పందంలో లేదు" అన్నాడు.

"ముగిస్తే మరి పక్కా కుట్టు ఏదండీ?" అన్నాడు మా తమ్ముడు.

వాళ్ళు మొహమొహాలు చూసుకున్నారు. మేం ట్రయల్ అంటే ఏమనుకున్నామో మాతో వచ్చిన డాక్టరమ్మకు అప్పుడు తెలిసింది. తల దించుకుని, "మాస్టారూ, మా ట్రయల్ అంటే పనిచేస్తుందో లేదో చూడటం వరకే" అంది.

"చూశారుగా. పనిచేసిందిగా."

నేను ఊరుకుంటానా? "అయ్యా, మీ కోటు కచ్చా కుట్టులో ఉండగా దర్జీ కొట్టు మూసేస్తే మీరు చొక్కాతో ఇంటికి పోతారు. మావాడు తలకాయ ఇక్కడ విడిచి పోవాలా?"

తీగలు తీయించుకోవచ్చు గానీ ప్రాణానికి ప్రమాదం అన్నారు. ఎవరైనా ఆ బ్యాటరీ చెయ్యకపోతారా అని వాడు వద్దన్నాడు. ఎవరూ చెయ్యలేదు.

ఒకరోజు గుండీ కాజా కుడుతుండగా యంత్రం ఆగిపోయింది. ముందు వేలు కదిలింది, తర్వాత చెయ్యంతా. వాడు నావైపు చూశాడు. సూది వాడి చేతిలోంచి నేనే తీసుకున్నాను.

దుకాణం ఇప్పుడు ఎవరో సెల్‌ఫోన్లు బాగుచేసుకునేవాళ్ళకిచ్చాం. వాడి చొక్కా గుండీలు నేను పెడతాను. అన్నం నేను కలిపి పెడితే మొదట్లో మొహం తిప్పుకునేవాడు, ఇప్పుడు తింటున్నాడు. తిట్టడం మానేశాడు.

మొన్న ఒక ఫోనొచ్చింది. మూసేసిన కంపెనీ సామానంతా ఆ ఫోను చేసినవాళ్ళు కొనుక్కున్నారట. "మీ తమ్ముడుగారి ఒంట్లో ఉన్న పరికరం ఇప్పుడు మాదండీ. ఆయన కాలం చేశాక మాకు కబురు చెయ్యండి, పరిశోధనకు తీసుకెళతాం" అన్నాడు ఎవడో, ఎంతో మర్యాదగా.

"బతికున్నవాడికి బ్యాటరీ ఇవ్వడానికి దారి తెలియలేదు గానీ, శవం దగ్గరికి తెలిసిందా నాయనా?" అని ఫోను పెట్టేశాను.

"ఎవరక్కా?" అన్నాడు వాడు మంచం మీంచి.

"రాంగ్ నంబర్‌రా."

వాడి తల ఊగింది. నమ్మి ఊపాడో, వణుక్కే ఊగిందో ఇప్పుడు నాకూ తెలియదు.