చావకుండా మిగిలినవి

మా సైన్సు మేడం ఇక లేరు. సోమవారం పొద్దున జగదల్‌పూర్ ఆసుపత్రి నుంచి ఆమె కూతురు ఫోన్ చేసేసరికి నేను మా ఊరు ఎర్రబోరులో నా మందుల దుకాణం తెరుస్తున్నాను. సగం లేచిన షట్టరు పట్టుకునే ఆ మాట విన్నాను.

మేడంది కిరందుల్ రైలు లైన్లో పనిచేసే రైల్వే కుటుంబం. మాట విజయనగరం వైపుది. మా హిందీ బడి పుస్తకంలో పాఠం చదివి, మాకు తెలుగులో విడమరిచేవారు. ఒకసారి చెట్టు నుంచి అప్పుడే దించిన జీలుగు కల్లు సీసాలో తెప్పించి కిటికీలో పెట్టారు. పొద్దున తియ్యగా ఉన్నది మధ్యాహ్నానికి నురగ కక్కింది. "కంటికి కనబడని జీవులు ఆ తీపి తిని బతుకుతున్నాయి. ఆ నురగ వాటి బతుకే" అన్నారు. వాసనకు హెడ్మాస్టరు మండిపడ్డా సీసా తియ్యలేదు.

"బ్యాక్టీరియాకి ఇల్లుంది, పొయ్యుంది. వైరస్‌కి ఏటీ లేదు. ఎవరింట్లోనో దూరి వాళ్ల పొయ్యి వాడుకుంటుంది. మరి బ్యాక్టీరియా ఇల్లు కూల్చే మందు వైరస్‌ని ఏటి చేస్తుందిరా?" అనేవారు. పరీక్షలో ఆ జవాబు నేను తప్పు లేకుండా రాశాను.

తర్వాత దుకాణం పెట్టి, జలుబుతో వచ్చిన వాళ్లకి బ్యాక్టీరియాని చంపే అదే యాంటీబయాటిక్ మందు రెండేసి గోలీలు కత్తిరించి ఇచ్చాను. రిటైరయ్యాక ఒకరోజు బీపీ మందుల కోసం వచ్చిన మేడం అది చూశారు.

"జలుబుకి ఆ మందెందుకిచ్చావు?"

"వాళ్లే అడుగుతరు మేడం. డాక్టర్ కాడికి పోతే ఒక రోజు పని పోతది."

"నిజమే. కానీ రెండు గోలీలకి చచ్చేవి చస్తాయి, చావనివి మిగుల్తాయి. ఆ మిగిలినవే పెరుగుతాయిరా."

నలుగురి ముందు నాకు తల కొట్టేసినట్టయింది. "ఇది క్లాసు కాదు మేడం" అన్నాను. ఆమె మళ్లీ నా దుకాణానికి రాలేదు. నేనూ వాళ్లింటికి వెళ్లలేదు.

పోయిన నెల ఆమెకు మూత్రంలో ఇన్ఫెక్షన్ వచ్చి రక్తంలోకి పాకింది. ఆసుపత్రికి చూడ్డానికి వెళ్తే కూతురు రిపోర్టు చేతికిచ్చింది. ఆ బ్యాక్టీరియా మీద పరీక్షించిన మందుల పేర్లు వరసగా ఉన్నాయి. దాదాపు ఏదీ పనిచేయదని రాసుంది. వాటిలో చాలా మటుకు నా అరల్లో ఉన్నవే.

"ఇంకేదైనా మందుందా అన్నయ్యా?" అని అడిగింది. రిపోర్టు మడిచి ఆమె చేతికి తిరిగిచ్చాను.

మేడం కళ్లు తెరిచాక ఆమె చెయ్యి పట్టుకుని, "నా వల్లనేనా మేడం?" అనడిగేశాను.

"ఇది ఎక్కణ్నుంచి వచ్చిందో ఎవరూ చెప్పలేరు. నీ ఒక్కడి వల్లా కాదు" అన్నారు. తర్వాత తనే, "కానీ అందులో నువ్వూ ఉన్నావురా" అన్నారు. చెయ్యి మాత్రం వెనక్కి తీసుకోలేదు.

ఆమె నేర్పింది నాకు బాగా వచ్చు. అదే నన్ను కుదురుగా ఉండనివ్వడం లేదు.

నిన్న అడవి లోపలి ఊరి నుంచి ఒకామె ముక్కు కారుతున్న బిడ్డతో వచ్చి గోలీ అడిగింది.

"జలుబే అక్కా, గోలీ వద్దు. వేడి నీళ్లు తాపు. జ్వరం ఎక్కువైతే ఆసుపత్రికి తీస్కపో" అన్నాను.

"గంత దూరం నడిచొస్తే ఒట్టి చేతుల్తో పొమ్మంటవా ఏంది?"

ఆమె మెట్టు మీద కూలబడి, బిడ్డ ముక్కు కొంగుతో తుడిచి, నా వెనకున్న అరల వైపే చూస్తూ ఉండిపోయింది.