గుమ్మం పట్టని గాదె

జుర్జురా కొండల్లోని రాతి ఇళ్ళను పొగిడేవాళ్ళెవరూ ఇంట్లోనే అటక కింద కట్టేసే గొడ్ల పేడ ఎత్తినవాళ్ళు కారు. మా పక్కింటి ఫెట్టా ఎత్తింది. అందుకే భర్త అక్లి కింద రోడ్డు పక్కన సిమెంటు ఇల్లు కడుతుంటే అందరికన్నా తొందరపడింది ఆవిడే. పేచీ వచ్చింది గాదె దగ్గర.

మా ఆడవాళ్ళు ధాన్యపు గాదెను ఇంట్లోనే కడతారు, పచ్చిమట్టిలో గడ్డీ పేడా కలిపి. కాల్చరు. అది గుమ్మం కన్నా లావవుతుంది. ఇల్లు మారితే పగలగొట్టి, ఆ మట్టినే నానబెట్టి కొత్తది కట్టుకోవాలి. ఫెట్టా ఒప్పుకోలేదు. మూతిలోంచి పెద్దవాళ్ళు పట్టరు గనక, ఆ గాదె లోపల దిగి నున్నగా మెత్తింది కూతురు మల్హా. అడుగున దాని అరచేతి ముద్ర ఉంది. ఆ చలికాలమే జ్వరమొచ్చి పిల్ల పోయింది. గింజలు అడుగంటితేనే ముద్ర కనబడేది. ఊరంతా తిట్టుకునే ఆకలి నెలల కోసం ఫెట్టా ఎదురుచూసేది.

"గాదె రాకపోతే నేనూ రాను," అంది.

"గుమ్మం పట్టదే!"

"అయితే గోడ పడగొట్టు."

అక్లి గునపం తీశాడు. అరుగు మీది ముసలాళ్ళు ఊరుకుంటారా?

"ఒరే అక్లీ, రేపు మీ ఆవిడ కొండ అడ్డమంటే అదీ తవ్వుతావా?"

"తవ్వుతా మామా, నువ్వు మట్టి మోస్తానంటే."

గాదె బీట పడకుండా వాకిట్లోకి వచ్చింది. ఫెట్టా మూతిలో తల దూర్చి, "ఉంది," అంది. దాన్ని నిలబెట్టే దిమ్మె అలకడానికి కొత్తింటికి దిగింది. మోసేవాళ్ళు భోంచేసి వస్తామన్నారు.

పుట్టినప్పటినుంచి కప్పు కిందున్న వస్తువు. వాన సంగతి ఎవరికీ తట్టలేదు. కొండ మీంచి మబ్బు దిగి కుమ్మరించింది. అక్లి దుప్పట్లన్నీ కప్పాడు, చివరికి ఒంటిమీది ఉన్ని అంగీ కూడా. ఫెట్టా పరుగెత్తుకొచ్చేసరికి వాటి కింద బురద కుప్ప. అక్లి దుప్పటి ఎత్తనివ్వలేదు.

"చూడకే. నా మాట విను, చూడకు."

మట్టి ఎక్కడికీ పోదమ్మా, అని మా పిన్ని ఓదార్చబోయింది. అంత పనికిమాలిన మాట నేను మళ్ళీ వినలేదు.

వేసవిలో ఆ మట్టితోనే ఫెట్టా కొత్త గాదె కట్టింది. బయటంతా అద్దంలా మెత్తింది. లోపల గరుకుగా వదిలేసింది.

"గింజలు ఇరుక్కుంటాయి వదినా. మా చిన్నదాన్ని పంపనా, దిగి మెత్తుతుంది?" అన్నాను.

"వద్దులే," అంది. "ఇరుక్కోనీ."