నాలుగో తరగతి వెదురు బొంగులు

న్ఖోటాకోటాకు పోయే తారు రోడ్డు పక్కన, సరస్సు గాలి తగిలే చోట, ఒక కిరాణా కొట్టు వరండాలో ఎసినాటి అనే ఆవిడ కుట్టు మిషను ఉంటుంది. ఆ రోడ్డు పొడుగునా వరండాల్లో మిషను తొక్కేదంతా మగవాళ్లే. ఆడమనిషి ఆమె ఒక్కతే. బళ్లు తెరిచే ముందు తల్లులు పిల్లల్ని చేతులు పట్టి లాక్కొస్తారు. "పెరిగే పిల్ల, కాస్త వదులుగా కుట్టక్కా" అంటారు. ఎసినాటి టేపు భుజం మీద పెడుతూ, "ఏ తరగతే నువ్వు?" అని అడుగుతుంది. నాలుగని చెబితే ఆ పిల్ల ముఖం వంక ఇంకాసేపు చూస్తుంది. తన నాలుగో తరగతి అంటే ఆమెకు అంత ఇష్టం.

ఆమె చదువుకున్న బడికి మట్టి ఇటుకల గోడలు, గడ్డి కప్పు. వానాకాలానికి ముందు ప్రతి పిల్లా తలకో గడ్డిమోపు తేవాలి, సోమవారం సోమవారం చీపురు తేవాలి. చిన్న తరగతులకు గది లేదు, మామిడిచెట్టు కిందే. పలకలూ లేవు. నేలమీద వేలితో అక్షరాలు దిద్దేవాళ్లు. గాలి గట్టిగా వీచిందంటే పాఠం మొత్తం చెరిగిపోయేది. కాయ రాలిందంటే ఇక పాఠమే లేదు. మూడో తరగతికొచ్చాక వాళ్ల నాన్న ఒక పెన్సిలు కొని, కత్తితో రెండు ముక్కలు చేసి, ఆమెకొకటి, వాళ్లన్నకొకటి ఇచ్చాడు. రబ్బరున్న ముక్క అన్నకు పోయింది. దాంతో ఎసినాటికి తప్పు రాయకుండా రాయడం అలవాటైంది.

నాలుగో తరగతికి లెఫానీ మాస్టారు వచ్చాడు. సన్నగా రివటలా ఉండేవాడు. అప్పుడే ట్రైనింగు ముగించుకుని కొత్త సైకిలుతో దిగాడు. ఆ సైకిలును తొక్కిన దానికన్నా తుడిచిందే ఎక్కువ. వచ్చిన కొత్తలోనే ఒకరోజు పిల్లలతో అన్నాడు:

"రేపు తలా ఒక వెదురు బొంగు తెండి. రెండు పక్కలా కణుపు మూసి ఉండాలి."

"కొట్టడానికా మాస్టారూ?" అని వెనకనుంచి ఫనీజో అనేవాడు అడిగాడు.

"కొట్టడానికి నాకు బొంగులెందుకురా, చేతులున్నాయిగా. అది మీ బ్యాంకు."

మర్నాడు ఆయన కత్తిని నిప్పుల్లో కాల్చి, ప్రతి బొంగుకూ ఒక సన్నని చీలిక పెట్టి, పేరు చెక్కి, నారతాడుతో గోడకు వరసగా వేలాడదీశాడు. శుక్రవారం బడి వదిలే ముందు ఎవరి దగ్గరున్నది వాళ్లు అందులో వెయ్యాలి. ఎవరేం వేస్తున్నారో మాత్రం ఆయన చూసేవాడు కాదు. బల్లవైపు తిరిగి, తుడిచిన నల్లబల్లనే మళ్లీ తుడుస్తూ నిలబడేవాడు.

ఎసినాటి శనివారాలు వాళ్లమ్మతో ఒడ్డుకు పోయి ఉసిపా చేపలు ఎండబెట్టేది. వేలెడంత కూడా ఉండని ఆ వెండిచేపల్ని రెల్లు తడికలమీద పరిచి, కాకుల్ని తోలుతూ రోజంతా ఎండలో కూర్చుంటే, సాయంత్రం అమ్మ ఒక చిన్న డబ్బాతో కొలిచి, "ఇది నీది" అని ఇచ్చేది. వాటిని రోడ్డుమీద లారీవాళ్లకు అమ్మితే ఒకటో రెండో తంబాలా నాణేలు వచ్చేవి.

అగోగో అని పిలిచే వాళ్ల అమ్మమ్మకు మాత్రం ఈ బొంగు బ్యాంకు అస్సలు నచ్చలేదు.

"బొంగులో డబ్బు గుడ్లు పెడుతుందటే? కోడిపెట్టను కొనుక్కో."

"కోడిని అడవిపిల్లి ఎత్తుకుపోతుంది అగోగో. బొంగును ఏ పిల్లి తింటుంది?"

"అబ్బో! వచ్చిందమ్మా నాకు బుద్ధులు చెప్పే పెద్దమనిషి. అంత దాచి ఏం కొంటావే?"

ఎసినాటి చెప్పలేదు. చెబితే నవ్వుతారని తెలుసు. ఆమెకు కావలసింది బ్రెడ్డు. ముక్క కాదు, మొత్తం బ్రెడ్డు. అంతకుముందు ఏడు వాళ్ల మామ జోహానెస్‌బర్గు గనులనుంచి వస్తూ ఒక బ్రెడ్డు తెచ్చాడు. ఇంటినిండా జనం. అమ్మ దాన్ని ఊదితే ఎగిరిపోయేంత పల్చగా కోసి పంచింది. తన ముక్క నోట్లో పెట్టుకుంటే నమిలేలోపే కరిగిపోయింది. ఎప్పటికైనా ఒక బ్రెడ్డు మొత్తం, ఎవరికీ పెట్టకుండా, ఒక్కతే కూర్చుని తినాలని ఆ రాత్రే అనుకుంది.

బల్లమీద ఆమె పక్కన కూర్చునేది న్డాజియోనా. కష్టాలు చూశానని ఆ పేరుకు అర్థం. పేరుకు తగ్గట్టే తల్లి లేదు, పెద్దమ్మ దగ్గర పెరిగేది. కానీ తరగతిలో అందరికన్నా ఎక్కువ నవ్వేది ఆ పిల్లే. పైగా అందరి బొంగులకన్నా ఆమె బొంగే గట్టిగా గలగలమనేది. శుక్రవారం ఆమె చెయ్యి పైకి లేస్తే చాలు, పిల్లలంతా చెవులు రిక్కించేవాళ్లు.

"ఇంతింత ఎక్కడివే నీకు?" అని ఎసినాటి ఒకసారి గుసగుసగా అడిగింది.

"మా పెద్దమ్మ గంపలకొద్దీ చేపలమ్ముతుంది తెలుసా? బొంగు పగలగొట్టిన రోజున మీకందరికీ తలో మాండాసీ కొనిపెడతా, చూస్తూ ఉండు."

"నాకు రెండు" అన్నాడు ఫనీజో. వాడికి మాండాసీలంటే ప్రాణం. ఆ నూనెలో వేయించిన ఉండల వాసన వస్తే వాడికి ఎక్కాలు గుర్తుండేవి కావు.

ఏడాది చివర్లో, పరీక్షలయ్యాక, ఆ రోజు రానే వచ్చింది. లెఫానీ మాస్టారు చాప పరిచి, కత్తి పట్టుకుని కూర్చున్నాడు. ఒక్కొక్కరి బొంగూ దించి, నిలువునా చీల్చి, రాలినది ఆ పిల్ల దోసిట్లో పోశాడు. ఒకరి బొంగులోంచి బొద్దింక పరుగెత్తింది. ఫనీజో బొంగులోంచి దాదాపు ఏమీ రాలలేదు. వాడు గడ్డిపోచతో ఎప్పటికప్పుడు లాగేస్తున్నాడన్న సంగతి అందరికీ తెలిసిందే, అందుకే అందరూ విరగబడి నవ్వారు. వాడూ నవ్వాడు. ఎసినాటి దోసిట్లోకి చల్లని, మసిబారిన నాణేలు పడ్డాయి. 

తర్వాత న్డాజియోనా వంతు. ఆమె బొంగు తీయగానే పిల్లలు ముందుకు జరిగారు. మాస్టారు దాన్ని చేత్తో పైకెత్తి తూచినట్టు చూశాడు. మెల్లగా ఒకసారి ఊపాడు. తర్వాత ఆ పిల్లవైపు చూశాడు. ఆ పిల్ల ఆయన్ని చూడటంలేదు, చాపమీద గీతలు చూస్తోంది.

"ఇది ఇంకా పచ్చిగా ఉంది" అన్నాడాయన. "పచ్చి బొంగు సరిగ్గా చీలదు. తీసుకో అమ్మా, ఇంటికి తీసుకుపో."

"పచ్చా! ఏడాదినుంచి గోడకు వేలాడుతుంటే ఇంకా పచ్చేమిటి మాస్టారూ?" అని ఫనీజో లేచాడు.

"మాస్టారు నువ్వా, నేనా?"

"మీరే."

"అయితే కూర్చో."

ఎసినాటికి ఇదేమీ పట్టలేదు. ఆమె మనసు అప్పటికే కొట్లో ఉంది. బడి వదలగానే పరుగెత్తి, దోసెడు నాణేలు బల్లమీద పోసి, కాగితం చుట్టిన బ్రెడ్డు అందుకుంది. గుడ్డలో కట్టి చంకన పెట్టుకుంది. దారెంబడి పోతే ఊరంతా చుట్టాలే. ఎదురైన ప్రతివాళ్లూ కుశలం అడుగుతారు, మూటేమిటంటారు, అడిగాక పెట్టకపోవడం మర్యాద కాదు. అందుకని ఒడ్డు వెంబడి, రెల్లు పొదల చాటున ఇంటిదారి పట్టింది.

అక్కడ బోర్లా వేసిన ఒక పడవ పక్కన ఎవరో రాయితో దేన్నో బాదుతున్న చప్పుడైంది. చూస్తే న్డాజియోనా. బొంగు పగిలింది. ఇసుకమీద గులకరాళ్లు, నత్తగుల్లలు, ఒక విరిగిన గుండీ చెదిరి ఉన్నాయి. ఒక్క తంబాలా కూడా లేదు.

ఎసినాటికి ముందుగా వచ్చింది జాలి కాదు, కోపం.

"దొంగమొహమా! రాళ్లా ఏడాదంతా వేసింది? మాండాసీలు కొనిపెడతానన్నావుగా!"

"అన్నాను" అంది న్డాజియోనా. "అందరూ వేస్తుంటే ఊరికే నిలబడటానికి సిగ్గేసింది. మొదటివారం ఒక రాయి వేశా. గలగలమంది. అందరూ నావైపు చూశారు." విరిగిన గుండీని వేలితో తిప్పుతూ, "బాగుండిందే" అంది.

అంత మామూలుగా అనేసరికి ఎసినాటి మూటను చంకలోకి సర్దుకుంది. పోదామని రెండడుగులు వేసింది. వెనకనుంచి గొంతు వినిపించింది.

"ఆ మూటలో ఏంటే, బ్రెడ్డు వాసనొస్తోంది?"

పట్టుబడిపోయింది. ఎసినాటి వచ్చి పడవకు వీపు ఆనించి కూర్చుని, మూట విప్పింది. విరిచింది. తనకు పెద్దది, ఆమెకు చిన్నది. న్డాజియోనా చిన్నదాన్ని రెండు చేతులతో తీసుకుంది.

ఏడాది కలగన్న బ్రెడ్డు. ఎసినాటి నోటినిండా కొరికింది. నమిలింది. నమిలేకొద్దీ పొడిపొడిగా నోరంతా అంటుకుంది, గొంతు దిగలేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఎలా ఉంది?" అంది న్డాజియోనా, తనూ మింగలేక.

"ఎండుగడ్డిలా ఉంది."

"మీ మామ తెచ్చాడన్నావే, అది కూడా ఇంతేనా?"

"అప్పుడు టీ ఉందే!"

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుని, నోట్లో ముక్కలు రాలేలా నవ్వారు. తర్వాత మోకాళ్ల లోతు నీళ్లలోకి దిగి, ముక్కను ముంచుకుంటూ, మెత్తబడ్డాక నోట్లో వేసుకుంటూ తిన్నారు. చిన్నచేపలు చుట్టూ చేరి రాలిన పొడి తిన్నాయి. పొద్దు వాలేసరికి బ్రెడ్డులో ఒక్క ముక్క కూడా మిగల్లేదు. పెద్దముక్క ఎవరు తిన్నారో, చిన్నది ఎవరు తిన్నారో తెలియకుండా పోయింది.

ఆ మరుసటేడు లెఫానీ మాస్టారిని కొండల్లో ఏదో బడికి బదిలీ చేశారు. కొత్త మాస్టారికి బొంగుల మీద ఆసక్తి లేదు. న్డాజియోనా ఐదో తరగతితో మానేసి, పెద్దమ్మతో చేపల పనికి పోయింది. ఎసినాటి ఎనిమిది పూర్తి చేసింది, కానీ పై బడికి ఎంపికైనవాళ్ల పేర్లు చదివినప్పుడు ఆమె పేరు రాలేదు. పెళ్లయింది, పిల్లలు పుట్టారు. భర్త వలలు చిరిగితే కుట్టేది. ఆ కుట్టుపనే ఆమెను ఒక ముసలి దర్జీ మిషను ముందుకు చేర్చింది. "ఆడదానివి వరండాలో కూర్చుంటావా?" అని నవ్వినవాళ్లే తర్వాత చొక్కాలు తెచ్చారు. న్డాజియోనా మొగుడు పోయాక ఆమె కూడా అదే సెంటర్లో టీ కొట్టు పెట్టుకుంది. ఇద్దరూ కలిసి సెంటరు ఆడవాళ్లతో వరండా బ్యాంకు మొదలుపెట్టారు. వారంవారం తలా కొంత వేసి, ఎవరికి అవసరమైతే వాళ్లు అప్పు తీసుకుంటారు. ఎవరి దగ్గరైనా ఏమీ లేకపోతే ఆ వారం వాళ్లు ఊరికే వచ్చి కూర్చుంటారు. ఎవరూ ఏమీ అడగరు. ఆ షరతు పెట్టింది న్డాజియోనానే.

పోయిన ఎండాకాలం ఒక లారీ డ్రైవరు మాటల్లో లెఫానీ మాస్టారి కబురు తెచ్చాడు. న్చీసీ కొండల్లో కూతురి దగ్గర ఉన్నాడట. ఇద్దరూ ఎండుచేపల మూట, మాస్టారి కూతురికి ఒక పూల గుడ్డ తీసుకుని బస్సెక్కారు. దారంతా న్డాజియోనా పెదాలు కదుపుతూనే ఉంది.

"ఏం గొణుగుతున్నావే?"

"ఆయనకు చెప్పాల్సిన మాటలు. కదిలించకు, మర్చిపోతాను."

మాస్టారు అరుగుమీద ఎండలో కూర్చుని ఉన్నాడు. చూపు దాదాపు పోయింది. ఊరిపేరు చెబితే గుర్తుపట్టాడు.

"సరస్సు ఊరు! అక్కడ నాకు సైకిలుండేది. మంచి సైకిలు. మిమ్మల్ని కొట్టానా?"

"కొట్టారు మాస్టారూ, లెక్కలకు" అంది ఎసినాటి.

"అయితే మంచి మాస్టార్నే." ఆయన నవ్వాడు. "బొంగులా? గోడకు వేలాడదీశానా? నేనేనా?" కళ్లు మూసుకుని ఆలోచించి, తల అడ్డంగా ఊపాడు. "లేదమ్మా. గుర్తులేదు."

న్డాజియోనా చేపల మూట ముడి విప్పి మళ్లీ కట్టింది. ఎసినాటి మోచేత్తో పొడిచింది. చివరికి ఆమె అంది: "నాది మాత్రం మీరు పగలగొట్టలేదు మాస్టారూ."

"ఎందుకని?"

"పచ్చిగా ఉందన్నారు."

ముసలాయన చూపు ఆనని కళ్లను ఆమె గొంతువైపు తిప్పాడు. "అయితే పచ్చిగానే ఉండి ఉంటుంది" అన్నాడు. ఆ తర్వాత కూతుర్ని పిలిచి, వీళ్లకు భోజనం పెట్టమన్నాడు.

తిరుగు బస్సులో న్డాజియోనా కిటికీవైపు తిరిగి కూర్చుంది. 

"మర్చిపోయాడు చూడు" అంది ఆఖరికి.

"ముసలాయన కదే."

"నాకేం బాధ లేదు. చెప్పాను, అంతే చాలు."

కొండ దిగేచోట బస్సాగింది. ఆడవాళ్లు బంగాళాదుంపల బకెట్లు నెత్తిన పెట్టుకుని కిటికీల దగ్గరకు పరుగెత్తుకొచ్చారు. న్డాజియోనా చెంగుతో కళ్లు తుడుచుకుని, తల బయటికి పెట్టి, "ఏమ్మా, ఇవి దుంపలా, గోలీలా? పైన మంచివి పెట్టి కింద ఇవి పెట్టావా?" అని బేరం మొదలుపెట్టింది. బకెట్టు ఆవిడ ఊరుకుంటుందా, "తినే నోరు కాదక్కా నీది, తిట్టే నోరు" అంది. బస్సులో వాళ్లంతా నవ్వారు. బస్సు కదిలేలోపు బేరం కుదిరింది. ఎసినాటి ఒళ్లో సంచీ పరిచింది, ఇద్దరూ వంగి దుంపలు అందులో పోసుకున్నారు.